బండికి రెండు పుట్టుమచ్చలు

చెడిపోయిన వస్తువును బాగుచేయడం నేరమని నాకు అరవై ఒకటో ఏట తెలిసింది. అంతకుముందు ముప్పై నాలుగేళ్ళు నేను కాకినాడలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. ఊళ్ళో సగం అర్జీలు నా మిషన్ల మీదే పుట్టాయి. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా" అన్న ముక్కను కళ్ళు మూసుకుని కొట్టగలను. ప్రభుత్వ భాష ఇంత తెలిసినదాన్ని, ఒక దరఖాస్తులో రెండే రెండు గడులు నింపి, కొరివితో తల గోక్కున్నాను.

ముందు బండి సంగతి చెప్పాలి. మా ఆయన సోమలింగం గారు రేవులో పూడిక తీసే డ్రెడ్జర్ల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక విదేశీ ఇంజనీరు ఊరు వదిలి వెళ్తూ తన పాత స్పోర్ట్స్ కారు వదిలించుకుంటుంటే ఈయన ఇంటికి తెచ్చారు. రెండే సీట్లు, గుడ్డ టాపు, పండుమిరప రంగు. ఎంత కిందికి ఉంటుందంటే, అందులో కూర్చుంటే పక్కన వెళ్ళే లారీ చక్రాలు మన చెవి దగ్గర తిరుగుతాయి. అప్పటికే దానికి పాతికేళ్ళు. ఊళ్ళో అలాంటిది ఇంకోటి లేదు. ఉంటే మా ఆయన దాని విడిభాగాలు పీక్కొచ్చేవారే.

దాని జబ్బంతా స్టీరింగులో ఉండేది. తిన్నగా పట్టుకున్నా బండి ఎడమకు లాగేది. మలుపు తిప్పితే లోపలి నుంచి మూలిగేది. మా ఊరి రోడ్లు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయని మాకు మహా గర్వం. అలాంటి రోడ్ల మీద మా బండి ఒక్కటే మురిక్కాలవ వైపు ఆశగా చూసుకుంటూ నడిచేది.

ఆ బండిని సముద్రం పక్కన ఉప్పాడ దాకా నేనే నడపాలని నా కోరిక. దానికోసమే నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను, లైసెన్సు తీసుకున్నాను, గడువు తీరితే మళ్ళీ చేయించుకున్నాను. బండి మాత్రం నా చేతికి రాలేదు. "ఈ స్టీరింగుతో నీకిస్తే కాలవలో తేలతావు. బాగవనీ మాణిక్యం, తర్వాత నీదే," అనేవారు మా ఆయన. ఈ మాటకీ పద్దెనిమిదేళ్ళే. నాకు కోపం లేదని అబద్ధం చెప్పను, చాలా ఉండేది.

ఇలా ఉండగా కిందటేడు మా ఊళ్ళో ప్రాచీన వాహన గుర్తింపు విభాగం అని ఒక కొత్త ఆఫీసు వెలిసింది. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి బండినీ అక్కడ నమోదు చేయించాలి, లేకపోతే తుక్కు కింద నొక్కించేస్తారు. ఆఫీసైతే వచ్చింది గానీ దరఖాస్తు నమూనా రాలేదు. అక్కడి గుమాస్తా పైడిరాజు తెలివైనవాడు. వాళ్ళబ్బాయి టెన్త్ సర్టిఫికెట్టు ముందు పెట్టుకుని, విద్యార్థి అన్నచోట వాహనం అని మార్చి, నమూనా తయారుచేసేశాడు. తండ్రి పేరు అన్నచోట కంపెనీ పేరు వచ్చింది. పుట్టుమచ్చలు రెండు అన్న గడిని ఏం చేయాలో తెలియక అలాగే ఉంచేశాడు.

"బండికి పుట్టుమచ్చలేంటి బాబూ?" అని అడిగాను.

"ఆయ్, గుర్తులండీ. మీ బండి మీ బండేనని తెలియాలి కదండీ."

"నంబరుంది కదా!"

"నంబర్లు ఎవడైనా మార్చేత్తాడండి. ఎప్పటికీ పోనిది రాయండి. రంగులూ సొట్టలూ ఒద్దండి, అవి ఉంటాయి, పోతాయి."

మా ఆయన గట్టిగా నిట్టూర్చారు. "ఇన్నేళ్ళు తంటాలు పడ్డా పోనిది మా స్టీరింగు రోగం ఒక్కటే. అంతకంటే శాశ్వతం ఈ లోకంలో ఇంకేముంది? అదే కొట్టెయ్ మాణిక్యం," అన్నారు. నేను కొట్టాను. ఒకటి, స్టీరింగు ఎడమకు లాగును. రెండు, మలుపులో మూలుగును. పైడిరాజు ముద్ర వేసి, చాలా చక్కగా ఉందని మెచ్చుకున్నాడు కూడా.

ఈ ఏడు మాఘమాసంలో మూడోసారి లైసెన్సుకు ఫోటో దిగి వచ్చాను. ఆ రోజు మా ఆయనకు నేను అన్నం పెట్టలేదు. నోటితో ఒక్క మాటా అనలేదు, కుక్కరు ఎక్కించలేదంతే. మర్నాడు పొద్దున్నే బండి ముందుభాగం జాకీ మీద లేచింది.

పనిలోకి దిగితే మా ఆయన మనిషి కాదు. చక్రం రెండువైపులా పట్టుకుని ఊపి, ఎక్కడ టకటకమంటోందో చెవితో పట్టుకున్నారు. చక్రాలను తిప్పే కడ్డీల చివర కీళ్ళు అరిగి వదులైపోయాయి. స్టీరింగు రాక్‌లో కడ్డీని పట్టి ఉంచే బుష్ అనే ఉంగరం గుండ్రం పోయి కోడిగుడ్డులా తయారైంది. రబ్బరు తొడుగులు చిరిగి, గ్రీజు ఎండి గట్టిపడింది, మూలుగు దానివల్లే. అన్నిటికంటే ఘోరం, పూర్వం ఎవరో మహానుభావుడు ఒక కడ్డీని రెండో కడ్డీ కంటే పొడుగ్గా బిగించాడు. ఎడమకు లాగేది అందుకని. విరిగిపోయిన లాంచీ ఫ్యాను బుష్‌లోంచి ఇత్తడి తీసుకుని, పాత స్నేహితుడి లేత్ మీద కొత్త బుష్ తిప్పించుకొచ్చారు. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూడటానికి బండికి అటూ ఇటూ చేపల గాలం దారం కట్టి, నా కుట్టుమిషను టేపుతో కొలిచారు. బరువు మీద కూడా చక్రాలు సులువుగా తిరగాలని ఒక్కో చక్రం కింద రెండేసి నాపరాతి పలకలు పెట్టి, మధ్యన నా వంటింటి పంచదార పోశారు. వారం రోజులు మా పేట చీమలన్నీ మా వాకిట్లోనే ఉన్నాయి. దారం రెండో కొస పట్టుకున్నది నేనే కాబట్టి ఈ నేరంలో నాకూ వాటా ఉంది.

ఒక శుక్రవారం పొద్దున వీధి చివరిదాకా వెళ్ళి వచ్చారు. వచ్చేటప్పుడు స్టీరింగు మీద చేతులు లేవు. రెండు చేతులూ పైకెత్తి నాకు చూపిస్తున్నారు. బండి తిన్నగా, చప్పుడు లేకుండా వచ్చి గేటు ముందు ఆగింది. ఇంజను ఆపాక కూడా ఆయన వెంటనే దిగలేదు, కళ్ళు తుడుచుకున్నారు. "ఆదివారం ఉప్పాడ. నువ్వే," అన్నారు. నేను వెళ్ళి లైసెన్సు వెతికి పెట్టుకున్నాను.

శనివారం వార్షిక తనిఖీ వచ్చింది.

ఆఫీసు జీపు మా గుమ్మం ముందు ఆగింది. ప్రత్యేకాధికారి చామర్తి జలంధరరావు గారు దిగారు. వెనకాల ఫైలుతో పైడిరాజు. జలంధరరావు గారు ఇంట్లో పెళ్ళాం బిడ్డలతో కూడా గ్రాంథికంలోనే మాట్లాడతారని ఊళ్ళో ఒక మాట ఉంది. మా ఆయన ఆనందంగా బండి ఎక్కి, వీధంతా నడిపి చూపించి, మెచ్చుకోలు కోసం నిలబడ్డారు.

"మీ వాహనమెక్కడ?" అన్నారు జలంధరరావు గారు.

"ఇదేనండీ."

"ఇది కాదు. రికార్డు ప్రకారము మీ వాహనము ఎడమకు లాగును, మూలుగును. ప్రస్తుత వాహనము తిన్నగాను, నిశ్శబ్దముగాను పోవుచున్నది. కావున ఇది అది కాదు."

"బాగుచేశానండి!"

"బాగుచేయుట యనగా గుర్తింపును చెరిపివేయుట. వ్రేలిముద్రలు అరగదీసుకున్నవానిని మనమేమందుము?"

నాకు ఒళ్ళు మండింది. "జ్వరం తగ్గితే మనిషి మారిపోతాడాండీ?" అన్నాను.

"జ్వరమును పుట్టుమచ్చగా నమోదు చేయించుకొని యుండినచో తప్పక మారును," అన్నారు ఆయన, ఎంతో మర్యాదగా.

ఈ మాటలో తర్కం ఎక్కడ తప్పిందా అని నేను చాలాసేపు వెతికాను. ఎక్కడా తప్పలేదు, అదే భయం వేసింది. ఆయన అక్కడికక్కడే రెండు మెమోలు ఇచ్చారు. లేని బండి ఎందుకు లేదో సంజాయిషీ చెప్పాలని ఒకటి, ఉన్న బండి ఎందుకు ఉందో చెప్పాలని ఒకటి. ముప్పై రోజుల్లో పాత లోపాన్ని యథాతథంగా పునరుద్ధరించాలి. లేకపోతే ఉన్న బండిని ఎవరిదో తెలియని బండి కింద లెక్కగట్టి తుక్కు చేస్తారు. అందాకా ఎవరూ నడపకుండా స్టీరింగుకు ఎర్రగుడ్డ చుట్టి లక్కముద్ర వేశారు. ఆదివారం ఆ ఎర్రగుడ్డ వంక చూస్తూ కూర్చున్నాను. ఉప్పాడ ఎటూ పోదని మా ఆయన ఓదార్చబోయి, నా మొహం చూసి మానేశారు.

జలంధరరావు గారు ఊరుకోలేదు. మా ఉదంతం మీద పైవాళ్ళకు నివేదిక పంపారు. మరమ్మతు అనే మహమ్మారి వల్ల వస్తువుల వ్యక్తిత్వం నశించిపోతోందని అందులో రాశారు. పైవాళ్ళు చదివి పులకించిపోయారు. ఏ పనీ చేయకపోవడాన్నే ఒక పథకంగా చూపించిన మొదటి అధికారి ఈయనే కదా! వెంటనే లోప పరిరక్షణ మాసోత్సవం ప్రకటించారు. బాలాచెరువు నుంచి మెయిన్ రోడ్డు దాకా ఊరేగింపు తీశారు. "లోపమే రూపం, మరమ్మతే పాపం" అని బ్యానర్లు.

పురపాలకులు అందిపుచ్చుకున్నారు. గుంతలు పూడిస్తే ఏ రోడ్డు ఏదో ఎలా తెలుస్తుందని, ఒక్కో గుంత చుట్టూ సున్నం కొట్టి నంబరు వేశారు. మా వీధి గుంతకు నూట పన్నెండు వచ్చింది. ఒకాయన స్కూటరుతో సహా అందులో పడితే, నంబరు చెప్పగానే అంబులెన్సు తిన్నగా వచ్చేసిందని, మాసోత్సవ విజయాల్లో దాన్ని మొదటగా ప్రకటించారు. బళ్ళో పంతుళ్ళు నోటుపుస్తకాలు దిద్దడం మానేశారు. తప్పు దిద్దితే ఏ పుస్తకం ఎవరిదో తెలియదట. మా వీధిలో కూరలమ్మే సత్తెమ్మ తక్కెడ ఎప్పుడూ కొంచెం తన వైపుకు వాలి ఉంటుంది. నేను అడిగితే, "అది నా తక్కెడ పుట్టుమచ్చమ్మగోరూ. రిజిస్టరైపోయింది. ఇప్పుడు సరిసేత్తే నన్ను జైల్లో ఎడతారు," అంది, చెమ్మగిల్లిన కళ్ళతో.

ఊరంతా ఇలా వెలిగిపోతుంటే మా గడువు కరిగిపోతోంది. ఇరవై ఏడో రోజు మా ఆయన నిర్ణయానికి వచ్చారు. "ఒక కడ్డీ మర వదులు చేసి నాలుగు చుట్లు తిప్పితే చాలు మాణిక్యం, మళ్ళీ ఎడమకు లాగుద్ది. కాస్త ఇసక పోస్తే మూలుగుద్ది. బండి బతుకుద్ది కదా," అన్నారు. స్పానరు పట్టుకుని బండి కిందికి దూరారు. నేను వంటింట్లో నిలబడి చప్పుడు కోసం విన్నాను. గంటైనా ఏమీ వినిపించలేదు.

"ఏవండీ, అయిందా?"

"వదులు చేశానే," అన్నారు కింద నుంచి. "మళ్ళీ బిగించేశాను. నాలుగుసార్లు అలాగే అయింది. బుర్ర చెప్తోంది గానీ చేతులు వినట్లేదు."

నలభై ఏళ్ళు వదులైనవాటిని బిగించి బతికిన మనిషి. బయటికి వచ్చి, తప్పుచేసినవాడిలా నా ముందు నిలబడ్డారు. పద్దెనిమిదేళ్ళ కోపం నాకు ఆ క్షణంలో పోయింది. పెళ్ళినాడు కూడా ఆయన మీద నాకంత ప్రేమ కలగలేదు. "వద్దు లెండి. తుక్కైతే తిన్నగా ఉన్న బండే తుక్కవుతుంది," అని చెప్పి కాఫీ కలిపి ఇచ్చాను. ఇద్దరం బండి పక్కనే కూర్చుని తాగాం.

ముప్పయ్యో రోజు తుది పరీక్ష. ఆఫీసు వెనక పాత గోడౌను ఆవరణలో వంద అడుగుల సుద్దగీత గీశారు. గేటు దగ్గర మా బండిని మోసుకొచ్చిన తుక్కు లారీ, దాని మీద క్రేను, సిద్ధంగా ఉన్నాయి. జలంధరరావు గారు ఎండలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పైడిరాజు లక్క పగలగొట్టి ఎర్రగుడ్డ విప్పాడు.

"నిష్పక్షపాత చోదకునిచే నడిపింపబడును," అన్నారు అధికారి. నిష్పక్షపాత చోదకుడంటే వాళ్ళ జీపు డ్రైవరు నూకరాజు. ఆఫీసు జీపు కూడా ఎడమకే లాగుతుంది. దాన్ని బాగుచేయించమని అతను పదకొండేళ్ళుగా అర్జీలు పెడుతున్నాడు, అవి కొట్టింది నేనే. అన్నేళ్ళూ స్టీరింగును కుడికి లాగిపట్టి జీపును రోడ్డు మీద ఉంచడం అతనికి ఒంటికి పట్టిన అలవాటు. ఆ అలవాటు చేతుల్తోనే మా బండి ఎక్కి తిన్నగా అనుకుని పట్టాడు. బండి తిన్నగా కుడికి వెళ్ళి ఆఫీసు వారి క్రోటన్ కుండీలు మూడింటిని కొట్టింది.

"వాహనము కుడికి లాగుచున్నది. వ్రాసుకొనుడు," అన్నారు జలంధరరావు గారు.

"బండి కాదండి బాబూ, నా సేతులండి! మన జీపు లాగుద్ది కదండీ, ఆ అలవాటండి," అని నూకరాజు మొత్తుకున్నాడు.

"జీపు విషయము నేటి అజెండాలో లేదు. రికార్డులో ఎడమ, పరీక్షలో కుడి. కావున ఇది మూడవ వాహనము."

తర్వాత మా ఆయనను నడపమన్నారు. పాపం, ఆయనకు బండిని వంకరగా నడపడం చేతకాదు. సుద్దగీత మీదే వెళ్ళి, సుద్దగీత మీదే వచ్చారు. "ఇది రెండవ వాహనము," అన్నారు అధికారి. ఆయన మొహం నిజంగా వాడిపోయింది. ఎదురుగా ఉన్నది ఒక్క బండి. లెక్కకు రెండు బళ్ళు తేలాయి, కావలసిన మొదటిది మాత్రం దొరకలేదు. ఆయన పెన్ను మూత తీసి, తుక్కు ఆర్డరు ముందుకు లాక్కున్నారు. క్రేను కొక్కెం కిందికి దిగుతోంది.

"ఆగండి," అన్నాను. "మొదటి బండిని నేను చూపిస్తాను. తాళం ఇప్పించండి."

మా ఆయన కంగారుగా వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేను నడపడం అదే మొదలు. క్లచ్ వదిలాను. సుద్దగీత మీద ఇరవై అడుగులు తిన్నగా వెళ్ళి, అప్పుడు, అందరూ చూస్తుండగా, రెండు చేతుల్తో స్టీరింగును శుభ్రంగా ఎడమకు తిప్పాను. బండి గోడౌను గోడ మీదికి వెళ్ళింది. మా ఆయన సీటు అంచు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కడుపులోంచి ఒక్క మూలుగు మూలిగారు. గోడకు జానెడు దూరంలో బ్రేకు వేశాను. అప్పటికీ మూలుగు ఆగలేదు.

జలంధరరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "లభించినది! ఎడమకు లాగినది! మలుపులో మూలిగినది!" అని కేకపెట్టారు. ఆయన నా చేతులు చూడలేదా అని మీరు అడగవచ్చు. చూశారు. కానీ పరీక్ష పత్రంలో చక్రాలకు గడి ఉంది, చేతులకు లేదు.

పైడిరాజు మాత్రం పెన్ను పట్టుకుని తటపటాయించాడు. "మూలుగు బండిదాండీ, మనిషిదాండీ?"

"మూలుగు ఎవరిదో వ్రాయవలెనని నమూనాలో నున్నదా?"

"లేదండి."

"మరి నీకేల?"

అయితే ఆయన జాగ్రత్తపరుడు. ఒకే బండి ముగ్గురి చేతుల్లో మూడు బళ్ళయింది కదా, రేపు ఆడిట్‌లో చిక్కు రాకుండా ఉత్తర్వులో ఒక షరతు పెట్టారు. టైపిస్టు సెలవులో ఉంటే ఆ ఉత్తర్వు నేనే కొట్టాను. ఒక్క అక్షరం మార్చలేదని ప్రమాణం చేస్తున్నాను. "సదరు వాహనము శ్రీమతి మాణిక్యాంబ నడుపుచు, శ్రీ సోమలింగము ప్రక్కన ఆసీనుడై యున్నప్పుడు మాత్రమే సదరు వాహనముగా పరిగణింపబడును. అన్యులు నడిపినచో అది అన్య వాహనమై, తక్షణము తుక్కునకు అర్హత పొందును." అన్యులు అన్నచోట మా ఆయన పేరు విడిగా రాయాలా అని పైడిరాజు అడిగాడు. అక్కర్లేదు, అందులోనే వస్తారని నేను చెప్పాను.

ఆ మరుసటి ఆదివారం గుడ్డ టాపు తీసేసి ఉప్పాడ రోడ్డు ఎక్కాం. కుడిపక్కన సముద్రం రాళ్ళ మీదికి ఎగిరి నా చీర తడిపింది. స్టీరింగు వెన్నలా ఉంది. వేలితో చెప్తే వింటోంది. ఇంత బాగా చేశారా మీరు అని అడిగాను, ఆయనకు వినే తీరిక లేదు. ఎదురుగా వచ్చిన ప్రతి లారీకీ మూలుగుతున్నారు. అది రికార్డులో ఉన్న మూలుగు కాబట్టి ఆపమనే హక్కు నాకు లేదు.

సరుగుడు తోటలు కనిపించేసరికి ఆయనకు కొంచెం ధైర్యం వచ్చింది. "మాణిక్యం, రోడ్డు ఖాళీగానే ఉంది. ఆ మలుపు దాకా ఒక్కసారి నాకియ్యవే. నేను తిప్పించిన బుష్షే కదా," అన్నారు, చాలా దీనంగా.

"వీల్లేదండీ. నిబంధనలు ఒప్పుకోవు," అన్నాను.

అబ్బ, ఎంత కమ్మగా ఉందో ఆ మాట! జలంధరరావు గారు దాన్ని రోజుకు నలభైసార్లు ఎందుకంటారో నాకప్పుడు తెలిసింది. ఆయన ఇంకోసారి అడుగుతారేమోనని బండి కొంచెం నెమ్మది చేశాను.